బామియాన్ యాత్ర: ముంచిన ప్యాకేజీ, ఆదుకున్న చాయ్‌ఖానా

ముందు తీర్పు చెప్పేసి ఆ తర్వాత కథలోకి వెళ్తాను. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ లోయకి, బంద్-ఎ-అమీర్ సరస్సులకి, బజారులో చాయ్‌ఖానా (టీ, భోజనం దొరికే చోటు) నడిపే తాతకి పదికి పది మార్కులు. మా దగ్గర మనిషికి 420 డాలర్లు ముందే కట్టించుకున్న కాబూల్ ట్రావెల్ ఏజెంటుకి, మా పాస్‌పోర్టులు పట్టుకుని కూర్చున్న గెస్ట్‌హౌస్ మేనేజరుకి సున్నా. ఇన్నేళ్ళయినా ఆ గెస్ట్‌హౌస్ గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈమధ్య యూట్యూబ్‌లో అఫ్ఘానిస్తాన్ వీడియోలు చూసి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, నువ్వు బామియాన్ వెళ్ళావు కదా, ఎంతవుతుంది, ఎక్కడ దిగాలి?" అని. ఆ వీడియోల్లో నీలం నీళ్ళు, ఎర్ర కొండలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. డబ్బు ఎక్కడ పోతుందో, రాత్రి గదికి గడియ ఉందో లేదో ఎవరూ చూపించరు. అది నేను చెప్తాను.

2014లో నేను కాబూల్లో ఒక ఆసుపత్రిలో నర్సులకి ట్రైనింగ్ ఇచ్చే ఉద్యోగంలో ఉన్నాను. ఆ ఏడాది ఎలా మొదలైందో అప్పుడు అక్కడ పనిచేసిన ఎవరూ మర్చిపోరు. జనవరి 17న వజీర్ అక్బర్ ఖాన్ పేటలో విదేశీయులు ఎక్కువగా వెళ్ళే లెబనీస్ రెస్టారెంట్ మీద దాడి జరిగి 21 మంది పోయారు. మార్చి 20న, నౌరోజ్ (అక్కడి కొత్త సంవత్సరం) ముందురోజు రాత్రి, సెరెనా హోటల్లో భోజనానికి కూర్చున్న కుటుంబాల మీద కాల్పులు జరిపారు. ఏప్రిల్ 24న వేరే ఆసుపత్రిలో కాపలా ఉన్న పోలీసే ముగ్గురు అమెరికన్లని కాల్చేశాడు. ఆసుపత్రుల జోలికి ఎవరూ రారులే అన్న ధైర్యం మాకు ఆ రోజుతో పోయింది.

ఆ తర్వాత మా బతుకు గది నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి గదికి. ఆ కాస్త దూరానికి కూడా రోజుకో దారి, రోజుకో టైము. కూరగాయలు వంటమనిషి తెచ్చేవాడు. చికెన్ స్ట్రీట్‌లో తివాచీలు చూడ్డం బంద్. నగరం పక్కనే ఉన్న ఖర్గా చెరువుకి ఒకప్పుడు శుక్రవారాలు జనం పిల్లలతో వెళ్ళేవారు. 2012 జూన్‌లో ఆ ఒడ్డున హోటల్ మీద దాడి జరిగినప్పటి నుంచి అదీ మాకు నిషేధం. శుక్రవారం సెలవంటే మేడ మీద బట్టలారేసుకుంటూ హెలికాప్టర్ల చప్పుడు వినడమే. ఫోన్లో అమ్మ "ఏంటే ఆ మోత?" అంటే "పక్కింటి జనరేటరమ్మా" అనేదాన్ని. ఆగస్టు వచ్చేసరికి మా చేచికి నిద్ర మాత్ర వేసుకోనిదే నిద్ర పట్టడం లేదు. చేచి అంటే నా గదిలో ఉండే మలయాళీ నర్సు, నాకంటే పదేళ్ళు పెద్ద. మా ఆసుపత్రి అకౌంట్స్ చూసే ఆయన్ని అన్న అనేవాళ్ళం, ఆయనది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. జూన్‌లో తెలంగాణ వచ్చినరోజు మేడ మీద మా అందరికీ సేమ్యా పాయసం చేసి పెట్టిన మనిషి, రెండు నెలల్లో మాటా పలుకూ లేకుండా అయిపోయాడు. అఫ్ఘాన్ అధ్యక్ష ఎన్నికల ఓట్లు మళ్ళీ లెక్కపెడుతూ కాబూల్ అంతా ఒకటే టెన్షన్.

అప్పుడు మా సెక్యూరిటీ ఆఫీసరే అన్నాడు, "ఎక్కడికైనా వెళ్ళిరండి, కానీ బామియాన్ ఒక్కటే ఒప్పుకుంటాను, అదీ విమానంలోనే" అని. కాబూల్ నుంచి బామియాన్‌కి రెండు రోడ్లున్నాయి. ఒకటి మైదాన్ వర్దక్ మీదుగా, ఇంకోటి ఉత్తరాన ఘోర్‌బంద్ లోయ మీదుగా. మొదటిదాన్ని అక్కడి హజారా తెగ జనం మృత్యుమార్గం అనేవారు. దారిలో తుపాకీలు పట్టినవాళ్ళు బస్సులు ఆపి మనుషుల్ని దించేసేవారు. రెండోదాంట్లో 2011లో బామియాన్ ప్రొవిన్షియల్ కౌన్సిల్ పెద్ద జవాద్ జహాక్‌నే ఎత్తుకుపోయి చంపేశారు. అంత పెద్దమనిషికే దిక్కు లేని దారిలో మేమెంత? నేను, చేచి, అన్న, ముగ్గురం విమానమే ఎక్కాలి.

ఆఫీసు ఇంకో షరతు పెట్టింది. రిజిస్టరైన ఏజెంటు ద్వారా వెళ్ళాలి, ఏ రోజు ఎక్కడ ఉంటామో కాగితం ఇవ్వాలి. అలా దొరికాడు ఈయన. మనిషికి 420 డాలర్లు. అందులో విమానం రానూపోనూ, గెస్ట్‌హౌస్ మూడు రాత్రులు, జీపు, ఇంగ్లీషు వచ్చిన గైడు, భోజనాలు, ఇంకా "సెక్యూరిటీ ఏర్పాట్లు" 75 డాలర్లు. ఏమిటా ఏర్పాట్లని అన్న అడిగితే, "అవి బయటికి చెప్పకూడదు సార్" అన్నాడు. యుద్ధం జరిగే చోట ఈ ఒక్క మాటతో ఎంత డబ్బయినా లాగచ్చు. భయపడ్డవాడు రసీదు అడగడు.

గురువారం పొద్దున విమానం టైముకే ఎగిరింది, అరగంటకి కాస్త ఎక్కువ పట్టింది. కింద అంతా మట్టిరంగు కొండలు. దిగగానే చల్లగాలి, బంగాళాదుంప చేలు, వాటి వెనక ఎర్రటి గోడలాంటి కొండ, కొండలో ఒకప్పుడు పెద్ద బుద్ధ విగ్రహాలు నిలబడ్డ రెండు ఖాళీ గూళ్ళు. తుపాకీ పట్టుకున్న మనిషి ఒక్కడూ లేకుండా నేను రోడ్డు మీద నిలబడి ఎన్ని నెలలయిందో! బజారులో స్కూలు అమ్మాయిలు సైకిళ్ళ మీద పోతున్నారు. కాబూల్లో ఆ దృశ్యం నేను చూడలేదు. దేశంలో మొట్టమొదటి మహిళా గవర్నరు హబీబా సరాబీ 2005 నుంచి 2013 దాకా పాలించింది ఈ బామియాన్‌నే.

ఇక గెస్ట్‌హౌస్. బజారుకి ఎదురుగా మిట్ట మీద ఉంటుంది. ఏజెంటు ఫొటోలో చూపించింది బుద్ధుడి గూళ్ళు కనపడే కిటికీ, ఎర్ర తివాచీ. మాకిచ్చిన గది కిటికీలోంచి కనిపించేది జనరేటర్ షెడ్డు. ముగ్గురికీ కలిపి ఒకటే గది! "మగమనిషి, ఇద్దరు ఆడవాళ్ళం, ఒక గదిలో ఎలా?" అని అడిగితే మేనేజరు రిజిస్టరు తిప్పి చూపించాడు. కాబూల్ ఆయన కట్టింది ఒక గదికి, ఒక రాత్రికి. రెండో గది కావాలంటే రాత్రికి 60 డాలర్లు, ఇప్పుడే, రొక్కం. విదేశీయులకి కాపలా రుసుం తలకి 20 డాలర్లు. మేం ముందే 75 కట్టామంటే, ఆ సంగతి తనకి తెలియదన్నాడు. కాపలా ఎవరని అడిగాను. గేటు దగ్గర కూర్చున్న ముసలాయన్ని చూపించాడు. ఆయన చేతిలో కర్ర కూడా లేదు.

వాదిస్తూనే రిజిస్టరులో రాసుకోవాలని మా పాస్‌పోర్టులు తీసుకున్నాడు. రాసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. డబ్బు మొత్తం కట్టాక ఇస్తాడట. యుద్ధం జరిగే దేశంలో పాస్‌పోర్టు చేతిలో లేకపోవడమంటే ఏంటో వేరే చెప్పాలా? ఏ క్షణంలో "బయల్దేరండి, అందరినీ పంపించేస్తున్నాం" అని కబురొస్తుందో తెలియదు. అన్న ఏజెంటుకి ఫోన్ మీద ఫోన్ కొట్టాడు. స్విచాఫ్. అక్కడి దరీ భాషలో నాకు వచ్చిన నాలుగు ముక్కలతో నేను అరిచాను. ఎవరూ కదల్లేదు.

మా అరవై డాలర్లు పుచ్చుకుని రెండో గది ఇచ్చారు. అందులో బాత్రూం తలుపుకి గడియ లేదు. గది తలుపుకి లోపల గొళ్ళెం ఉంది గానీ అది తగులుకునే కొక్కెం ఊడిపోయింది. నేనూ చేచీ మంచాన్ని తలుపుకి అడ్డంగా జరిపి పడుకున్నాం. "24 గంటలు వేడినీళ్ళు" అన్నది ఒక బకెట్ గోరువెచ్చని నీళ్ళు, అదీ రెండుసార్లు అడిగాక. కరెంటు సాయంత్రం 6 నుంచి 9 దాకానే. ఆ తర్వాత కావాలంటే డీజిల్ ఖర్చు గంటకి 300 అఫ్ఘానీలు. అప్పట్లో డాలరుకి 57 అఫ్ఘానీలు, అంటే అఫ్ఘానీ మన రూపాయి కంటే ఓ పిసరు ఎక్కువ. న్యూజిలాండ్ సాయంతో కింద బజారుకి సోలార్ కరెంటు వచ్చి దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. మిట్ట మీద డాలర్లు కట్టిన మేము చీకట్లో ఉన్నాం. బామియాన్ 2,500 మీటర్ల ఎత్తు. ఆగస్టులోనూ రాత్రిపూట వణికిస్తుంది. రెండో దుప్పటికి 5 డాలర్లు. "ప్యాకేజీ భోజనం"లో అన్నం చల్లారిపోయింది, మాంసం ఉడకలేదు. ఎత్తుకి చేచికి తలనొప్పి పట్టుకుని, "ఎందుకొచ్చాం మోళే (అమ్మాయీ), మన గదే నయం" అని ఏడ్చింది. పక్క గదిలో అన్న తెల్లార్లూ దగ్గుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

గైడు గురించి నేను చెడు చెప్పను. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఏజెంటుకి దూరపు చుట్టం. ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. తనకి కూలి ఇస్తానని చెప్పి ఇంతవరకూ ఒక్క అఫ్ఘానీ ఇవ్వలేదని పొద్దున్నే మాతో చెప్పుకున్నాడు. అతన్నీ ముంచాడన్నమాట.

మమ్మల్ని ఆదుకున్నది జీపు డ్రైవరు. చిన్నప్పుడు పాకిస్తాన్‌లోని క్వెట్టాలో శరణార్థిగా పెరిగిన హజారా మనిషి. ఉర్దూ వచ్చు. అన్న కరీంనగర్ ఉర్దూ విప్పగానే ఇద్దరూ పాత దోస్తుల్లా కలిసిపోయారు. సంగతంతా విని, "బాజీ (అక్కా), పాస్‌పోర్టు పట్టుకునే హక్కు వాడికి లేదు, నాతో రండి" అని టూరిస్టు సమాచార కేంద్రానికి తీసుకెళ్ళాడు. శుక్రవారం సెలవైనా అక్కడి ఉద్యోగిని ఇంటి నుంచి పిలిపించాడు. ఆ ఉద్యోగి టీ తాగమని కూడా అనకుండా నేరుగా జీపెక్కి మిట్ట మీదికి వచ్చాడు. వాళ్ళు వాళ్ళ భాషలో ఏం మాట్లాడుకున్నారో అంతా అర్థం కాలేదు గానీ పది నిమిషాల్లో సొరుగు తెరుచుకుంది, మూడు పాస్‌పోర్టులు మా చేతికొచ్చాయి. మేం కట్టిన కాపలా రుసుం 60 డాలర్లు కూడా వెనక్కి ఇప్పించాడు. రెండో గది డబ్బు, దుప్పటి డబ్బు రాలేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పని జరగదనే మాట నేను ఇక్కడ ఒప్పుకోను. ఆ రోజు మాకు జరిగిన పని ఆ ఒక్క ఉద్యోగి వల్లే.

సామాన్లు జీపులో వేసుకుని బంద్-ఎ-అమీర్‌కి బయల్దేరాం. బామియాన్‌కి పడమరగా 75 కిలోమీటర్లు, దాదాపు రెండు గంటలు. రోడ్డు చాలావరకు తారు వేసి బాగుంది, చివర్లో మట్టి దారి. ఎండిన కొండల మధ్య బండి ఒక మలుపు తిరిగింది. కింద నీలం! అంతదాకా ముభావంగా ఉన్న అన్న "అరే, గిదేంది చెల్లె, గిట్లుంది!" అని లేచి నిలబడబోయి తల కొట్టుకున్నాడు. నెలల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

ఇవి ఆరు సరస్సులు, వరసగా ఒకదాని తర్వాత ఒకటి, దాదాపు 2,900 మీటర్ల ఎత్తున. నీళ్ళలో కరిగి ఉన్న సున్నం వేల ఏళ్ళుగా పేరుకుపోయి దానంతట అదే ఆనకట్టలు కట్టింది. అంచు మీద నుంచి నీళ్ళు జారుతుంటాయి. హజ్రత్ అలీ ఈ కట్టలు కట్టాడని అక్కడివాళ్ళ నమ్మకం. ఒడ్డున ఆయన పేరిట దర్గా ఉంది. 2009లో దీన్ని అఫ్ఘానిస్తాన్ మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించారు. అందరూ చేరేది బంద్-ఎ-హైబత్ అనే సరస్సు దగ్గర. నాగార్జునసాగర్ నీళ్ళు చూసి పెరిగిన నేను నీళ్ళంటే కొత్తగా ఆశ్చర్యపోనని అనుకున్నాను. ఈ రంగు వేరు. లోతు తెలిసేంత స్వచ్ఛం, చెయ్యి పెడితే మొద్దుబారేంత చల్లదనం.

నీళ్ళకంటే నన్ను పట్టేసింది జనం. శుక్రవారం కదా, కార్లలో, వ్యాన్లలో కుటుంబాలకి కుటుంబాలు వచ్చాయి. కబాబుల పొగ, కార్లలోంచి పాటలు, తివాచీలు పరిచి పుచ్చకాయలు కోసుకుంటున్న అత్తలూ కోడళ్ళూ. హంస ఆకారంలో ఉండే తొక్కుడు పడవల్లో ఆడపిల్లలు కేకలు పెడుతూ తిరుగుతున్నారు. మేమూ ఎక్కాం, అరగంటకి 250 అఫ్ఘానీలు. చేచి చెప్పులు విప్పి పక్కన పెట్టి అమ్మాయిలతో పోటీపడి తొక్కింది. తలనొప్పి ఏమైందని అడిగితే "ఏ తలనొప్పి?" అంది. పార్కులో ఆడ రేంజర్లు కూడా ఉన్నారు. యూనిఫాం మీద స్కార్ఫు కట్టుకుని, చెత్త పారేస్తున్న మగవాళ్ళని గట్టిగా మందలిస్తున్నారు. వాళ్ళలో ఒకావిడతో ఫొటో దిగుతానని అడిగితే మొహమాటపడి వద్దంది. చెయ్యి మాత్రం గట్టిగా కలిపింది.

2023 ఆగస్టులో తాలిబన్ మంత్రి ఒకరు, ఆడవాళ్ళు సరిగ్గా హిజాబ్ వేసుకోవడం లేదనీ, విహారం వాళ్ళకి అవసరం లేదనీ చెప్పి బంద్-ఎ-అమీర్‌కి ఆడవాళ్ళు రాకుండా ఆపించాడు. ఆ వార్త చదివి నేను ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆ పడవల్లో కేకలు పెట్టిన పిల్లలకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. వాళ్ళ నీళ్ళు వాళ్ళు చూసుకోవడానికి వాళ్ళకే అనుమతి లేదు. ఊళ్ళూ దేశాలూ దాటి వెళ్ళిన నేను చూశాను. ఇది అన్యాయం, దీనికి ఇంకో పేరు లేదు.

సాయంత్రం మళ్ళీ బామియాన్. డ్రైవరు మమ్మల్ని బజారు చివర ఉన్న చాయ్‌ఖానాకి తీసుకెళ్ళాడు. కింద పొయ్యిలు, పైన పొడుగాటి గది, గోడల వెంట పరుపులు. ఆ దేశంలో దారి పక్క చాయ్‌ఖానాల్లో పాత పద్ధతి ఒకటుంది. రాత్రి భోజనం అక్కడ చేస్తే పడక ఉచితం. చాయ్‌ఖానా నడిపే తాత, అన్నని పైగదిలో సర్దాడు. మా ఇద్దరినీ చూసి, చాయ్‌ఖానా ఆడవాళ్ళు పడుకునే చోటు కాదని, వెనకున్న తన ఇంటికి పంపాడు. ఆరు గంటలకి ఆఫీసుకి చెయ్యాల్సిన హాజరు ఫోన్లో నేను ఈ సంగతి మా సెక్యూరిటీ ఆఫీసరుకి చెప్తే ఆయన కంగారుపడ్డాడు. సమాచార కేంద్రం ఉద్యోగితో మాట్లాడాక ఒప్పుకున్నాడు. తాత భార్య, ఇద్దరు కోడళ్ళు, చాలామంది పిల్లలు. పరుపు, బొంత, తలుపుకి గట్టి గడియ. నాకు ఆ గడియ చూడగానే ప్రాణం లేచొచ్చింది. చేచి ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా పడుకుంది.

శనివారం అసలు పరీక్ష అన్నకి. వెంకటేశ్వరస్వామి వారమని శనివారాలు ఆయన నీచు ముట్టడు. కాబూల్లో వంటమనిషికి తెలుసు కాబట్టి పప్పు వండేవాడు. ఇక్కడేం తింటాడు? అన్నంలో మాంసం, షోర్వాలో మాంసం. రొట్టె, టీతో గడిపేస్తానన్నాడు. డ్రైవరు తాతకి చెప్పాడు, ఈయనకి ఇవాళ మొక్కు ఉందని. మొక్కు అనగానే తాతకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. గంటలో బొరానీ బాంజాన్ వచ్చింది. వంకాయల్ని చక్రాల్లా కోసి నూనెలో వేయించి, టమాటాతో మగ్గబెట్టి, పైన వెల్లుల్లి కలిపిన చిక్కటి పెరుగు, ఎండు పుదీనా. మనమూ వంకాయ పెరుగుపచ్చడి చేస్తాం గానీ వంకాయని ఇంత వెన్నలా చెయ్యం. దానితోపాటు తందూరు బూడిదలో కాల్చిన బంగాళాదుంపలు, ఉప్పు. బామియాన్ దుంపలకి దేశమంతా పేరుంది, తిన్నాక ఎందుకో తెలిసింది. పిండిగా విచ్చుకుని, ఏ మసాలా లేకుండానే రుచి. అన్న నాలుగు రొట్టెలు తిన్నాడు. తిని, "మా అమ్మకు ఈ కూర చేసి పెట్టాలె" అని కోడళ్ళని అడిగి వివరాలు రాసుకున్నాడు. ఊరెళ్ళాక చేశాడట కూడా, మిరపకాయలు ఎక్కువేసి.

అప్పట్లో బొరానీ గిన్నె 80 అఫ్ఘానీలు, దుంపలు పళ్ళెం 40, నాన్ 10, గ్రీన్ టీ కెటిల్ 20. రాత్రి పలావు మనిషికి 150. ఒకటి చెప్తాను, మిట్ట మీద ప్యాకేజీ భోజనం ఎవరిచ్చినా తినకండి, బజారులోకి దిగండి.

మధ్యాహ్నం బుద్ధుల దగ్గరికి వెళ్ళాం. అప్పట్లో టిక్కెట్టు విదేశీయులకి 300 అఫ్ఘానీలు, అదే టిక్కెట్టుతో షహర్-ఎ-ఘొల్‌ఘొలా కోట కూడా చూడనిచ్చేవారు. పెద్ద బుద్ధుడు 55 మీటర్లు, చిన్నది 38 మీటర్లు. 2001 మార్చిలో తాలిబన్లు ఫిరంగులతో, మందుపాతరలతో పేల్చేశారు. అంతకుముందు 1969 నుంచి 1977 దాకా వీటికి మరమ్మతు చేసింది మన ఆర్కియలాజికల్ సర్వే వాళ్ళే. ఇప్పుడు గూటిలో ఉన్నది గోడకి అంటుకున్న ఆకారపు మచ్చ, కింద కర్రలూ ఇనుప ఊతలూ. చిన్న బుద్ధుడి గూటి అడుగున కాళ్ళలా రెండు స్తంభాలు లేపారు. యునెస్కో అనుమతి లేకుండా కడుతున్నారని ఆపించారట. నాకైతే ఆపడమే సరైంది అనిపించింది. కొత్త ఇటుకలు పేర్చి పాత బుద్ధుణ్ణి తేలేరు.

చిన్న బుద్ధుడి పక్కన కొండలోపల తొలిచిన మెట్లెక్కి తల దాకా వెళ్ళచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వద్దు. చేచి సగంలో ఆగిపోయింది. పైనుంచి లోయంతా పచ్చగా, పొలాల్లో దుంప పూలు తెల్లగా. మాది తెనాలి. చిన్నప్పుడు స్కూలు నుంచి అమరావతి తీసుకెళ్ళేవాళ్ళు. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ధాన్యకటకం (అమరావతి పాత పేరు) వచ్చాడని మాస్టారు చెప్పిన పాఠం నాకు అక్కడ గుర్తొచ్చింది. ఆ యాత్రికుడు క్రీ.శ. 630 ప్రాంతంలో ఈ లోయలో నిలబడి, బంగారు రంగుతో మెరిసే నిలువెత్తు బుద్ధుణ్ణి చూసి రాసుకున్నాడు. పదేళ్ళు తిరక్కుండా మన కృష్ణ ఒడ్డుకి వచ్చాడు. కాలినడకన, గుర్రాల మీద! నేను అరగంట విమానానికి ఆరు నెలలు అనుమతి కోసం ఆగాను. అన్నకి ఆ మాట చెప్తే, "మన శిల్పాలు లండన్ మ్యూజియంల ఉన్నయి, వీళ్ళవి మట్టిల కలిసినయి" అన్నాడు. ఇద్దరం కాసేపు అక్కడే కూర్చున్నాం. ఘొల్‌ఘొలా కోటని 1221లో చెంఘిజ్‌ఖాన్ నేలమట్టం చేశాడు. దాని మీదికి ఎక్కితే సూర్యాస్తమయం బాగుంటుంది. గుర్తు పెట్టిన బాట దాటి అడుగు వేయద్దని డ్రైవరు పదిసార్లు చెప్పాడు, మందుపాతరల భయం ఇంకా ఉంది.

ఆదివారం ఎగరాల్సిన విమానం గాలి వల్ల రద్దయింది. మర్నాటికి వేశారు. ఏజెంటు ఫోన్ ఇంకా స్విచాఫే. మళ్ళీ తాత ఇల్లే. మేం నర్సులమని అప్పటికి వీధిలో తెలిసిపోయింది. పొద్దున్నుంచీ ఒక్కొక్కరే రావడం. తాత భార్యకి బీపీ 180 ఉంది, మందులు ఆరు నెలల కిందట మానేసింది. ఎనిమిదో నెల గర్భిణి ఒకమ్మాయి కాళ్ళ వాపుతో వచ్చింది. చేచి ఆమెని వెంటనే ప్రొవిన్షియల్ ఆసుపత్రికి పంపించింది, తోడు తానే వెళ్ళింది. మా దగ్గరున్నది ఒక బీపీ మిషను, ఒక స్టెత్. ఆ రోజంతా అలా గడిచింది. సెలవు పాడయిందని మాకు ఒక్క క్షణం అనిపించలేదు. కాబూల్లో పేషెంటు దగ్గరికి వెళ్ళాలన్నా కాపలా వాళ్ళ మధ్య నుంచి వెళ్ళేవాళ్ళం. ఇక్కడ నేల మీద కూర్చుని, చాయ్ తాగుతూ, పిల్లని ఒళ్ళో పెట్టుకుని చూశాం. వెళ్ళేటప్పుడు తాతకి 2,000 అఫ్ఘానీలు ఇవ్వబోతే భోజనాల లెక్క కట్టి 1,350 తీసుకుని మిగతావి నా చేతిలో పెట్టేశాడు.

ఇప్పుడు మా అక్క కొడుకు ప్రశ్నకి జవాబు. వెళ్ళద్దు. 2024 మే నెలలో అదే బామియాన్ బజారులో ముగ్గురు స్పెయిన్ టూరిస్టులని కాల్చి చంపారు. ఎంత ప్రశాంతంగా కనిపించినా, అవతలి మనిషి మనసులో ఏముందో వీడియోలో తెలియదు. ఇక ఇరాక్‌లోనో, దక్షిణ సూడాన్‌లోని జూబాలోనో, మళ్ళీ కాబూల్లోనో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి బయటికి వెళ్ళే మనవాళ్ళకి నేను చెప్పేది వేరే. ప్యాకేజీ డబ్బు సగానికి మించి ముందు కట్టద్దు. హోటల్‌కి మీరే స్వయంగా ఫోన్ చేసి ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు అని అడగండి. రిజిస్టరులో రాసుకుంటామంటే పాస్‌పోర్టు మీ చేతిలోనే పట్టుకుని చూపించండి, లేదా జిరాక్సు ఇవ్వండి. "సెక్యూరిటీ" అని రాసిన ప్రతి అంకె పక్కన ఎవరు, ఎందరు, ఎక్కడ అని రాయించుకోండి. గది తలుపు గడియ చూశాకే సామాను దించండి. మా అన్న సంగతి చూసినదాన్ని కాబట్టి ఇంకోటి, నెలల తరబడి గదిలోనే ఉండద్దు. అనుమతి ఉన్న చోటికి, ఒక్క పూటకైనా, వెళ్ళండి.

కాబూల్ చేరాక అన్న ఊరుకోలేదు. ప్యాకేజీలో రాసింది ఒకవైపు, ఇచ్చింది ఒకవైపు, తేడా మనిషికి 190 డాలర్లని లెక్క తేల్చి మా ఆఫీసు అడ్మిన్ ద్వారా ఏజెంటుని పిలిపించాడు. వచ్చాడు, టీ తాగాడు, పొరపాటు గెస్ట్‌హౌస్ వాళ్ళదేనన్నాడు. చివరికి మనిషికి 150 ఒప్పుకుని, 110 అక్కడికక్కడ లెక్కపెట్టి ఇచ్చి, మిగతా 40 పై వారం తెస్తానన్నాడు. మేం ముగ్గురం దేశం వదిలి వచ్చేదాకా ఆ పై వారం రాలేదు. ఆయన మాకు ఇంకా 120 డాలర్లు బాకీ.